ఆరున్నొకటో నంబరు

ఎన్ని కాపీలు కావాలో కంప్యూటర్ అడుగుతుంది. రెండు వందలని కొడితే రెండు వందలూ ఇస్తుంది. అన్నిటి మీదా ఒకటో నంబరే ఉంటుంది. ఈ సంగతి నేను పది కాగితాలు పాడుచేసి తెలుసుకున్నాను. మా ఓనరు ఇశ్రాయేలు గారు ఆ పదింటినీ పేకముక్కల్లా విప్పి పట్టుకుని, "బాగుందమ్మా సుధామణీ. పది మందికి పది మందీ ఫస్టే వచ్చారు" అన్నారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. నాకేమో ఆ మాత్రం మాట పడినా ఒళ్ళు మండిపోతుంది. ఆ పది కాగితాలూ లాక్కుని వెనక్కి తిప్పి చిత్తు కాగితాల దొంతరలో పడేశాను.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం, ఎన్నికల ముందు రోజులు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మెట్ల కింద మా షాపు. ఇశ్రాయేలు గారు అందులోనే ఇరవై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, మిషన్లన్నీ అమ్మేసి, ఒక కంప్యూటరూ ఒక లేజర్ ప్రింటరూ కొన్నారు. దాని ముందు కూర్చునేదాన్ని నేను. కోర్టు కాగితాలు, పెళ్ళి కార్డులు, బదిలీ అర్జీలు, అన్నీ నా వేళ్ళ మీదుగానే పోయేవి.

నంబర్లు వేయాల్సిన ఫారాలు వస్తే మాకు బాధ ఉండేది కాదు. ఒకటి టైపు చేసి, జిరాక్స్ తీసి, వెనక సందులో ఉన్న ప్రెస్సుకు పంపేవాళ్ళం. అక్కడ నంబరింగ్ మిషన్ ఉండేది, గుప్పిట్లో పట్టేటంత ఇనుప ముద్ర. నొక్కితే అంకె పడుతుంది, లోపల చక్రం తిరిగి తర్వాతి అంకె సిద్ధంగా కూర్చుంటుంది. కానీ ఆ నెలలో ప్రెస్సుల వాళ్ళు పార్టీల కరపత్రాలు తప్ప మరొకటి ముట్టుకోవడం లేదు. సరిగ్గా అప్పుడే మార్కెట్ ఆఫీసు నుంచి జీవరత్నం మేడం గారు దరఖాస్తు ఫారం పట్టుకుని వచ్చారు. రెండు వందల ఫారాలు కావాలి. నంబరు పైన ఒకసారి పడాలి, కింద చింపి ఇచ్చే చీటీ మీద మరోసారి అదే పడాలి. శుక్రవారం నాటికి కావాలి.

"చేత్తో మార్చుకుంటూ కొట్టెయ్యమ్మా" అన్నారు ఇశ్రాయేలు గారు. రెండు చోట్ల రెండు వందలసార్లు. నా సంగతి నాకు తెలుసు, నలభై దాటేసరికి పైన నలభై ఒకటి, కింద నలభై రెండు పడేది. నేను చదివిన కంప్యూటర్ కోర్సు పుస్తకంలో మాక్రోలని ఒక పాఠం ఉంది. మా సారు దాన్ని "మీకు అక్కర్లేదులే" అని దాటేశాడు. నాకు అక్కర్లేదని ఆయనెవరు చెప్పడానికి. రెండు రోజులు అన్నం గిన్నె పక్కన ఆ పుస్తకం పెట్టుకుని చదివాను.

చివరికి అది చాలా చిన్న విషయం. ఫారంలో అంకె పడాల్సిన రెండు చోట్లా ఒక గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తుల దగ్గర ఒకటి వెయ్యి, ఒక కాగితం తియ్యి, అంకెకు ఒకటి కలుపు, మళ్ళీ వెయ్యి, మళ్ళీ తియ్యి అని కంప్యూటర్‌కు దాని భాషలో రాసిపెట్టాలి. ఎక్కడ ఆగిందో చిన్న ఫైల్లో గుర్తుంచుకోమని చెబితే, మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. గురువారం మధ్యాహ్నం పరీక్షకు పది కాగితాలు పెట్టి నొక్కాను. ఒకటి, రెండు, మూడు. పైనా కిందా ఒకే అంకె. నా చేయి దాని మీద లేదు.

ఇశ్రాయేలు గారు కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, ఒక్కో కాగితం వచ్చినప్పుడల్లా తల ఊపుతూ నిలబడ్డారు. "వెనక ప్రెస్సులో చెప్పకు తల్లీ. ఆయన బీపీ మనిషి" అన్నారు. ఆ మాటకు నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు.

ఆ ఫారాలు ఎవరి కోసమో ఇప్పుడు చెప్పాలి. మా అమ్మ రత్తమ్మ కాలవ పక్కన రోడ్డు మీద చేపలమ్ముతుంది. మాది నాగాయలంక వైపు. మా నాన్న పోయాక నన్ను వెంటబెట్టుకుని కృష్ణలంక వచ్చి, పద్నాలుగేళ్ళుగా అదే రోడ్డు అంచున కూర్చుంది. ఎండొస్తే గొడుగు, వానొస్తే బుట్ట మీద పరదా, తన నెత్తిన గోనెసంచి. లారీ పోతే దుమ్ము, పోలీసు వస్తే బుట్ట ఎత్తుకుని పరుగు. నేను ఉద్యోగం చేస్తున్నాను, మానెయ్యమంటే నా మీదే కసురుకునేది. ఆవిడకు పని మానడం ఇష్టం లేదు, ఒక కప్పు కింద కూర్చుని ఆ పని చేసుకోవాలని ఇష్టం. ఇన్నేళ్ళకు మార్కెట్ వాళ్ళు ఒక షెడ్డు కట్టారు. రేకుల కప్పు, కుళాయి, నీళ్ళు పోవడానికి తూము, ఇరవై నాలుగు సిమెంటు దిమ్మలు. రోడ్డు మీద అమ్మేవాళ్ళేమో రెండు వందల మంది. అందరి చేతా దరఖాస్తు పెట్టించి, ఆ నంబర్ల మీద లాటరీ తీసి దిమ్మలు ఇస్తామన్నారు. మా అమ్మ ఆ షెడ్డు కడుతున్నన్నాళ్ళూ రోజూ ఇంటికొచ్చే దారి మార్చుకుని దాని మీదుగా వచ్చేది. ఎడమ వైపు మూడో దిమ్మ మీద ఒకసారి కూర్చుని చూసిందట కూడా.

ఆ గురువారం సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటోంది.

"మా కాయితాలు మీ కొట్లోనే కొడతన్నారంటగా?"

"అవును."

"అంకెలేసేది కూడా నువ్వేనా?"

"నేను కాదు. కంప్యూటరే వేసుకుంటుంది."

"అది ఏసుకున్నా నువ్వు చెప్పినట్టేగా ఏసుకునేది?"

మా అమ్మ కంప్యూటర్ మొహం చూసి ఎరగదు. దాని గుణం మాత్రం మా కోర్సు సారు కంటే బాగా కనిపెట్టింది. అవునన్నాను.

"అయితే ఆ అంకె లేకుండా ఏయించు."

ఏ అంకె అని నేను అడగలేదు. మా వాళ్ళలో చేపలు లెక్కపెట్టినా, వడ్లు కొలిచినా మొదటిది ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, తర్వాత ఆరున్నొకటి, తర్వాత ఎనిమిది. ఏడు అంటే ఏడుపు అని భయం. ఇది చాలామంది ఇళ్ళల్లో ఉన్నదే, కొలతల దగ్గర మాత్రమే పాటిస్తారు. మా అమ్మ అన్నిటికీ పాటిస్తుంది. గడియారం చూసి "ఆరు దాటి గంటయింది" అంటుంది. నేను ఏడో తరగతి చదివే ఏడాది ఎవరైనా అడిగితే "ఆరు పాసయింది, ఎనిమిదికి ఇంకా రాలేదు" అనేది. వాళ్ళు నేను తప్పాననుకుని జాలిపడేవాళ్ళు. రేషన్ షాపులో ఒకసారి పదిహేడో టోకెన్ ఇస్తే వెనక్కి ఇచ్చేసి లైన్లో చివరికి పోయి నిలబడింది. కిరసనాయిలు అయిపోయిందని ఉత్త డబ్బాతో తిరిగొచ్చి, "చూశావా ఆ అంకె మహిమ" అంది.

నాకు మండింది. "ప్రభుత్వ కాగితం అమ్మా అది. నీ ఒక్కదాని కోసం అంకెలు మార్చేస్తారా?"

"నా ఒక్కదానికేనంటన్నానా? ఎవరికీ రాకుండా ఏయించు. రెండొందల మందిమి పొద్దున్నే సముద్రం పేరు చెప్పుకుని బతికేవాళ్ళం. ఎవత్తి చేతికి ఆ కాయితం ఒచ్చినా ఆ పూట కూడు దిగదు."

తన కోసం అడిగి ఉంటే దెబ్బలాడి ఉండేదాన్ని. మర్నాడు పొద్దున షాపు తెరిచి, ఇశ్రాయేలు గారు టీ తాగడానికి వెళ్ళినప్పుడు, ఆ రాతలో ఒక్క లైను చేర్చాను. వేయబోయే అంకెలో ఎక్కడైనా ఏడు కనిపిస్తే దాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్ళు. అంతే. నాకు మా అమ్మంటే ప్రాణం. మా ఇంట్లో ఆ మాటలు పైకి అనుకోవడం అలవాటు లేదు. ఆ లైను రాస్తున్నప్పుడు మాత్రం పైకి అన్నట్టే అనిపించింది.

ప్రింటరు ఆరు తర్వాత ఎనిమిది వేసింది. అరవై తొమ్మిది తర్వాత ఎనభై వేసింది. రెండు వందల కాగితాలు వచ్చాయి. ఆఖరి దాని మీద రెండు వందల నలభై రెండు అని ఉంది. అది చూశాను కూడా. నంబరంటే ఒక పేరు లాంటిదేగా, ఎవరిది వాళ్ళకుంటే చాలదా అనుకున్నాను. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి అన్నీ తెలిసినట్టే ఉంటుంది. జీవరత్నం మేడం పంపిన గుమాస్తా ఒకావిడ వేలు తడి చేసుకుని కాగితాలు వెనక నుంచి లెక్కపెట్టి, రెండు వందలూ ఉన్నాయని సంతకం పెట్టి తీసుకుపోయింది. అంకెల వైపు చూడలేదు.

మా అమ్మ ఫారం తెచ్చుకోవడానికి రెండో రోజు సాయంత్రం గానీ వెళ్ళలేకపోయింది. బుట్ట ఖాళీ కాకుండా లేవదు కదా. పక్కన ఎండుచేపలు పెట్టుకునే మణెమ్మతో కలిసి వెళ్ళింది. అమ్మకు రెండు వందల ముప్పై ఆరు, మణెమ్మకు దాని పక్కది, రెండు వందల ముప్పై ఎనిమిది. చింపి ఇచ్చిన చీటీని రవికలోంచి తీసి నాకు చూపించి, "నా కూతురు ఏయించిన అంకె" అంది. దాన్ని దేవుడి పటం వెనక పెట్టింది.

లాటరీ ఎన్నికలయ్యాక తీశారు. కల్యాణమండపం లాంటి ఒక పాత హాల్లో, పొద్దున పది గంటలకు. నేను సెలవు పెట్టి అమ్మతో వెళ్ళాను. రెండు వందల మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. అందరూ తలంట్లు పోసుకుని వచ్చినా హాలంతా మా ఇంటి వాసనే ఉంది. వేదిక మీద జీవరత్నం మేడం, ఇద్దరు కమిటీ పెద్దలు, బల్ల మీద ఒక స్టీలు బిందె.

జీవరత్నం మేడం గట్టి మనిషి. "తర్వాత నా నంబరు వెయ్యలేదని ఎవరూ అనడానికి వీల్లేదు" అని మొదలుపెట్టారు. "ఇవిగో రెండు వందల చీటీలు. ఒక్కోదాని మీదా నేనూ ఈ పెద్దలిద్దరూ సంతకాలు పెట్టాం, ఆఫీసు ముద్ర వేశాం. ఒక్కొక్క నంబరూ పిలిచి మీ ముందే బిందెలో వేస్తాను. మీ నంబరు పిలవగానే చెయ్యెత్తండి."

ఒకటి. ఎవరో చెయ్యెత్తారు. రెండు, మూడు, ఆరు దాకా చేతులు లేచాయి.

"ఏడు."

ఎవరూ ఎత్తలేదు. మేడం మరోసారి పిలిచారు. "రాలేదేమో" అని చీటీ బిందెలో వేసి ఎనిమిది పిలిచారు. ఎనిమిది లేచింది.

చీటీలు ఒకటి నుంచి రెండు వందల దాకా రాస్తారని నాకెందుకు తట్టలేదు? రెండు వందల ఫారాలంటే ఎవరైనా అలాగే రాస్తారు. నేనైనా అలాగే రాస్తాను. పదిహేడుకు చెయ్యి లేవలేదు. ఇరవై ఏడుకు లేవలేదు. డెబ్బై నుంచి డెబ్బై తొమ్మిది దాకా మేడం పది నంబర్లు పిలిస్తే హాల్లో ఒక్క చెయ్యి కదలలేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. మా అమ్మ మాత్రం చీటీ రెండు చేతులతో పట్టుకుని, తన వంతు కోసం ముందుకు వంగి కూర్చుంది.

"రెండు వందలు" అని మేడం ఆఖరి చీటీ వేసి, చేతులు దులుపుకున్నారు.

"నాది పిలవలేదేంటే?" అంది అమ్మ.

"నాదీ పిలవలా" అంది మణెమ్మ. వెనక నుంచి మరో నాలుగైదు గొంతులు అదే మాట అన్నాయి.

మేడం కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎంతమ్మా నీ నంబరు? రెండు వందల ముప్పై ఆరా? నేను కొట్టించిందే రెండు వందలు. ఆ నంబరు ఎక్కడ నుంచి వచ్చింది?"

ఒక కమిటీ పెద్ద, "దొంగ ఫారాలేమో చూడండి" అన్నాడు. ఆ మాట వినగానే మా అమ్మ చీటీని కొంగు కింద దాచేసింది. పద్నాలుగేళ్ళలో పోలీసు బుట్ట తన్నినప్పుడు కూడా ఆవిడ అలా ముడుచుకుపోవడం నేను చూడలేదు.

లేచి నిలబడ్డాను. "దొంగవి కాదండీ. ఆ ఫారాలు ప్రింట్ చేసింది నేనే."

అప్పుడు నాకొక తలుపు తెరిచే ఉంది. కంప్యూటర్ తప్పు చేసిందండీ అంటే సరిపోయేది. ఆ రోజుల్లో కరెంటు బిల్లు తప్పొచ్చినా, ఫోన్ బిల్లు తప్పొచ్చినా ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు, అందరూ నోరు మూసుకునేవాళ్ళు. ఇక్కడా మూసుకునేవాళ్ళే. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అది పాపం నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

"అంకెల్లో ఏడు రాకుండా నేనే తీయించానండీ. ఏడున్న నంబరు వస్తే వీళ్ళు భయపడతారని. అందుకే అంకెలు రెండు వందల నలభై రెండు దాకా పోయాయి. తప్పు నాది. కంప్యూటర్‌ది కాదు, మా ఓనరు గారికి కూడా తెలియదు."

"ఎవరు భయపడతారని?"

"మా అమ్మ" అన్నాను.

ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి, "అట్టాగైతే తల్లికి మంచి నంబరు చూసి ఏయించుకుందన్నమాట" అంది. జీవరత్నం మేడం ఆవిడ వైపు చూశారు. "మంచి నంబరు ఎక్కడిదమ్మా, ఆవిడ నంబరు బిందెలోనే లేదు కదా" అన్నారు. తర్వాత నా వైపు చూసిన చూపు మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఇశ్రాయేలు గారు గొంతు పెంచకుండా తిట్టేవారు, ఈవిడ నోరే విప్పకుండా తిట్టారు.

కమిటీ పెద్దలు వాయిదా వేద్దామన్నారు. హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. మళ్ళీ సంతకాలు, మళ్ళీ హాలు, మళ్ళీ ఒక పూట బుట్టలు వదులుకుని రావడం. వాయిదా పడిన పనులు ఎన్నేళ్ళకు జరుగుతాయో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఆ షెడ్డుకే తొమ్మిదేళ్ళు పట్టింది. నా ఒక్క లైను రెండు వందల మందిని మళ్ళీ రోడ్డు మీద కూర్చోబెట్టబోతోందని నాకు అర్థమైంది.

మేడం ఒక కాగితం వెనక పెన్సిల్‌తో ఏదో లెక్క వేశారు. రెండుసార్లు వేశారు. "బిందెలో మనుషులు లేని నంబర్లు ముప్పై ఎనిమిది. ఇక్కడ రెండు వందలు దాటిన మనుషులు ముప్పై ఎనిమిది మంది. లెక్క సరిపోతోంది" అన్నారు. "రెండు వందలు దాటినవాళ్ళు ఒక్కొక్కరే రండి. మీ చీటీ మీద ఎర్ర సిరాతో బిందెలో మిగిలిన నంబరు వేసి సంతకం పెడతాను. వాయిదా అక్కర్లేదు."

ఆ కొత్త నంబర్లు ఏవో అందరికీ తెలుసు. ఏడు, పదిహేడు, ఇరవై ఏడు. డెబ్బైల్లో పదీ. నూటేడు మొదలుకుని మరో పంతొమ్మిది. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళలో ఒక్కరూ లేవలేదు. ఎవరో మెల్లగా, "వేరే అంకెలేమన్నా ఇవ్వండమ్మా" అన్నారు. మేడం గడియారం చూసుకున్నారు. "బిందెలో ఉన్నవే ఇవ్వగలను, కొత్త చీటీలు రాయడానికి ముద్ర ఆఫీసులో ఉండిపోయింది. అయిదు నిమిషాలు చూస్తాను. లేకపోతే వాయిదానే."

మా అమ్మ లేచింది.

చీర కుచ్చెళ్ళు సర్దుకుని, చాపల మధ్య నుంచి అడుగులు చూసుకుంటూ వేదిక దాకా నడిచింది. నా వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని నాకనిపించింది.

"ఏ నంబరు వెయ్యమంటావు రత్తమ్మా?" అన్నారు మేడం.

"డెబ్బై ఏడు ఎయ్యండమ్మా."

నా జీవితంలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. మేడంకు ఆ సంగతి తెలియదు, మామూలుగా తలెత్తి చూశారు. "ఏడే వేస్తానంటే అది వద్దా? ఒకటే ఏడు కదా అందులో."

"వద్దమ్మా. రెండున్నది నేను తీసుకుంటే, తక్కినోళ్ళకి తలా ఒకటేగా ఒచ్చేది. పిల్ల తెలీక చేసింది. నేను అడిగితేనే చేసింది. వాళ్ళకెందుకు ఆ బరువు."

మేడం ఎర్ర సిరాతో రెండు ఏడులు వేసి, కింద సంతకం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

అప్పుడు మణెమ్మ లేచింది. "రెండు ఏడులున్నది ఇంకోటుందిగా, నూట డెబ్బై ఏడు. అది నాకెయ్యండమ్మా" అని అక్కడి నుంచే చెబుతూ నడిచింది. "మా పాస్టరు గారు ప్రతి ఆదివారం ఏడు మంచి సంఖ్య, పూర్తి సంఖ్య అని చెబుతానే ఉంటారు. ఆమెన్ అంటాను గానీ, బయటికొచ్చి చేపలు లెక్కపెట్టేప్పుడు నేనూ ఆరున్నొకటే అంటాను." హాలు మొత్తం నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే తక్కిన ముప్పై ఆరుగురూ లేచారు. తలా ఒకటీ తీసుకున్నారు. నేను దాటేసిన అంకెలన్నీ అలా ఒక్కొక్కటే మనుషుల చేతుల్లోకి వెళ్ళాయి.

చీటీలు తీశారు. ఒక పాప చేత తీయించారు. మొదటిది ముప్పై ఒకటి. తర్వాత నూట నాలుగు. తర్వాతివి నాకు వరస గుర్తులేదు, ప్రతి చీటీ విప్పుతుంటే డెబ్బై ఏడు, డెబ్బై ఏడు అని లోపల గొణుక్కున్నాను. అమ్మ నిబ్బరంగా కూర్చుంది. పంతొమ్మిదో చీటీకి నూట డెబ్బై ఏడు వచ్చింది. మణెమ్మ కాసేపు తన నంబరే కాదన్నట్టు చూసింది, తర్వాత మా అమ్మ మెడ పట్టుకుని భోరున ఏడ్చింది. మా అమ్మ ఆవిడ వీపు నిమిరింది. ఇరవై, ఇరవై ఒకటి. ఇరవై నాలుగో చీటీ నూట యాభై మూడు.

డెబ్బై ఏడు రాలేదు.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడ్డాను. నేను ఆ లైను రాయకపోతే ఏమయ్యేదో, ఏ నంబరు వచ్చేదో, దిమ్మ దక్కేదో లేదో, అన్నీ ఒకేసారి బుర్రలో తిరిగాయి. "నా వల్లే అమ్మా" అన్నాను.

"నీ వల్ల వచ్చే దిమ్మా కాదు, పోయే దిమ్మా కాదు. రెండొందల మందికి ఇరవై నాలుగు ఏస్తే ఎవరి వల్ల పోయినట్టు?" అంది అమ్మ. ఆ లెక్క ఆవిడ ఎప్పుడో వేసుకుని ఉంది. "లే. చేపలు ఐసు మీద ఎంతసేపుంటయ్యి."

మర్నాడు షాపులో నాకు ఉద్యోగం ఉంటుందన్న ఆశ లేదు. జీవరత్నం మేడం అప్పటికే ఫోన్ చేసి చెప్పారు. ఇశ్రాయేలు గారు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆ లైను ఎక్కడుందో చూపించమన్నారు. చూపించాను. దాన్ని తుడిచెయ్యమన్నారు. తుడిచాను. "అంకెలు నేర్పమంటే మిషన్‌కు శకునాలు నేర్పావు" అన్నారు. చెప్పులు వేసుకుంటూ, "ఇంకెప్పుడైనా ఏదైనా దాటించాలనిపిస్తే ముందు నాకు చెప్పి దాటించు" అని టీ తాగడానికి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ఒకటి నుంచి ఇరవై దాకా కాగితాలు తీసి చూసుకున్నాను. ఏడు వచ్చింది, పదిహేడు వచ్చింది.

ఆ ఆదివారం అమ్మ చేపలమ్మే చోటుకు వెళ్ళాను. మణెమ్మ షెడ్డులోకి వెళ్ళిపోవడంతో అమ్మ పక్కన చోటు ఖాళీగా ఉంది. అక్కడ గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. వద్దంది, బట్టలు పాడవుతాయంది, లేచి పొమ్మంది. నేను లేవలేదు. గొడుగు ఆవిడ మీదకు జరిపి పట్టుకున్నాను. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది, ఇద్దరం ఒకేసారి మొహం తిప్పుకున్నాం.

ఎప్పుడూ వచ్చే మాస్టారు ఒకాయన సంచి పట్టుకుని వచ్చారు. బొచ్చె చేప బేరమాడి, శుభ్రం చేసి ఇమ్మని నిలబడి, నన్ను చూసి, "ఈ అమ్మాయెవరు రత్తమ్మా?" అని అడిగారు.

మా అమ్మ పొలుసు తీస్తున్న కత్తి ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"మా అమ్మాయండీ. కంప్యూటర్ మీద పనండీ. అంకెలన్నీ ఒచ్చు, ఏడొక్కటి తప్ప."